ఏడో నంబరు

ముఖ్య అతిథి రావడానికి ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. ఏడో నంబరు బల్ల ఖాళీగా ఉంది.

కుర్ర కళాకారులు చేత్తో చేసిన పనులతో మ్యూజియం పెట్టిన మొదటి ప్రదర్శన అది. మొత్తం ముప్పై రెండు వస్తువులు. సిబ్బంది వాటిని నంబర్లతోనే పిలుస్తారు. వాటిలో అందరి కళ్ళూ పడింది ఏడో నంబరు మీదే. ఒకే దుంగలో చెక్కిన పని. మూరెడు పొడవు. ఒళ్ళంతా సన్నటి తీగలు, ఆకులు, ఆకుల మధ్య ఇత్తడి పొదుగుడు, పై అంచున తోలు పట్టీలు. పొద్దున పత్రికలవాళ్ళు పోటీలు పడి ఫొటోలు తీసుకున్నదీ దాన్నే.

డైరెక్టరు మేడం ముఖంలో నెత్తురు చుక్క లేదు. గుమ్మం దగ్గరున్న గార్డును పిలిచింది.

"ఎవరెవరు బయటికెళ్ళారు?"

"ఒక పెద్దాయన, ఇద్దరు టీచర్లు, ఒక ఆడపిల్ల. అందరూ ఖాళీ చేతులతోనే వెళ్ళారు మేడం. నేను గుమ్మం వదల్లేదు."

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

గార్డు అక్కడ పదకొండేళ్ళుగా టెంపరరీ. పర్మనెంటు చేయమని రాసిన ఫైలు సంతకం కోసం ఆవిడ టేబులు మీదే ఉంది.

"నీ సంచీ తియ్."

అప్పటిదాకా 'మీరు' అంటూ వచ్చిన మనిషి 'నువ్వు'లోకి దిగింది.

టిఫిను డబ్బా, కళ్ళజోడు, మనవరాలికి కొన్న రంగు పెన్సిళ్ళు. అందరూ చూస్తుండగా ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. అంత పొడవు వస్తువు ఆ చిన్న సంచీలో పట్టదని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా సంచీలోకే తొంగి చూస్తున్నారు.

"జేబులు కూడా చూసుకోండి మేడం," అన్నాడు.

ఆవిడ తల తిప్పేసుకుంది. "ఇక పోలీసులకు చెప్పక తప్పదు," అంటూ ఫోను తీసింది.

అంతలో, అతిథికి ఎదురెళ్ళడానికి గేటు దగ్గర నిలబడ్డ కుర్రాడు కబురు విని పరుగున వచ్చాడు. ఏడో నంబరు చెక్కింది అతనే. ఇరవై మూడేళ్ళుంటాయి. గోళ్ళ సందున ఇంకా పాలిష్ మరకలు పోలేదు. ఖాళీ బల్లను చూశాడు. దాని పక్కనున్న ఖాళీ కుర్చీని చూశాడు.

"మా చెల్లి ఏది?"

"నీ ఆర్నెల్ల కష్టం పోయిందని నేను తల పట్టుకుంటుంటే చెల్లెలంటావేంటయ్యా?"

అతను గార్డు వైపు తిరిగాడు.

"బాబాయ్, ఇక్కడ బాత్రూం ఎటు?"

గార్డు కుడివైపు వరండా చూపించాడు.

అటు నుంచే, తడిసిన లంగా అంచు ఎత్తిపట్టుకుని, ఎడమ మోకాలి కింద ఏడో నంబరు తొడుక్కుని, అతని చెల్లెలు నడిచి వస్తోంది.