చున్నీ లేని బతుకమ్మ

మా స్పందన తలమీది చున్నీ తీసేసి బతుకమ్మ ఆడింది! ఎల్బీ నగర్ చౌరస్తాలో, తెలంగాణ దీక్షా శిబిరం ముందు, అందరి నడుమ!

దాని తలలో పొట్టులేచే సోరియాసిస్ మచ్చలకు మందు తెచ్చిన రోజు, జల్ది తగ్గాలని నేను తలంతా పూయబోయాను. బిడ్డ కోపగించలేదు, నవ్వలేదు.

"బాపూ, పాపట తీసి మచ్చల మీదనే పలచగ రాయాలె. డాక్టరమ్మ చెప్పినన్ని దినాలే. ఎక్కువైతే చర్మం పల్చబడుతది" అంది, గోడతో మాట్లాడినట్టు.

ఈరోజూ అదే ముఖం.

"తగ్గిందా బిడ్డా?" అన్నాను సంబరంగా.

"ఇంకా లేదు. అంటుకునేది కాదంట గద బాపూ. ఇగ దాచుడెందుకు?"

ఈ మాట అందరికీ చెప్పాలి. సైదాబాద్ అక్కకు, బాలాపూర్ మరదలికి, అంటుకుంటదని దువ్వెన దాచుకున్న వదినకు. అందరికంటే ముందు, పోయినేడు ఆటలోంచి దాన్ని చెయ్యిపట్టి పక్కకు లాగిన దాని తల్లి కనకమ్మకు.