నిద్రలో వెలిగిన చెవి

ఇప్పుడు వంటా, ఊయలా అన్నీ మరలే చూసుకుంటున్నాయి కదమ్మా. అందుకే మా మనవరాలు నీలవేణిని వాళ్ళాయన సోమేశం, "ఏం పని చేశావని అలసట?" అనేవాడు.

బొమ్మలేసే పిల్ల అది. ఒళ్ళు ఎక్కడ పనిచేస్తే అక్కడ వెలిగే పల్చటి పొర కప్పుకుని, అదే తన జవాబుగా, తన ప్రదర్శన హాల్లో బిడ్డ ఊయల పక్కన చాపేసుకుని నిద్రపోయింది. చూడొచ్చిన వాళ్ళ చెవులకూ ఆ పొర ముక్కలు అంటించారు.

"నిద్ర కూడా కళేనా అమ్మమ్మగారూ?" అని సోమేశం నవ్వాడు.

"ఉండు నాయనా."

బిడ్డ కదిలింది, ఏడవను కూడా లేదు. నీలవేణి కళ్ళు తెరవలేదు గానీ చెవి వెన్నెల్లా వెలిగింది. హాల్లో తల్లుల చెవులన్నీ మిణుగురుల్లా వెలిగాయి. ముసలిదాన్ని, నా చెవీ వెలిగింది.

"మరి నాది?"

"వెలగలేదు నాయనా."

అతను ఊయల మీద చెయ్యేసి, బిడ్డ ఊపిరి వింటూ కూర్చున్నాడు. చాలాసేపటికి అతని చెవి మసగ్గా వెలిగింది.

అప్పటికి గానీ నీలవేణి చెవి ఆరలేదు.