పటంలో బడి

బొమ్మల పోటీలో తన కూతురికి బహుమతి వచ్చిందని, మా తోడికోడలు ఆ బొమ్మకి పటం కట్టించి, గుమ్మంలో అడుగు పెట్టగానే కంట్లో పడేట్టు వేలాడదీసింది మహాతల్లి.

బొమ్మలో ఒక బడి. ముందు కనుచూపుమేర ఆటస్థలం. రెండు జడల పిల్ల ఒకతి తాడాట ఆడుతూ గాల్లోకి ఎగిరింది.

నా కళ్లల్లో నిప్పులు పోసినట్టయింది. లక్షలు పోసి చదివిస్తే ఇలాంటి బడి దొరక్కేం. మేమేమో మా అమ్మాయిని సర్కారు బడిలో పడేశాం.

“మీ స్కూలు ఎంత బాగుందే,” అన్నాను, లేని నవ్వు తెచ్చుకుని.

“మా స్కూలు కాదు పెద్దమ్మా. మాకు గ్రౌండెక్కడిది? మా క్లాసు కిటికీలోంచి రోజూ అక్కావాళ్ల స్కూలు చూస్తుంటాను.”

రెండు జడల పిల్ల మీద వేలు పెట్టింది.

“అక్కని కూడా గుర్తుపట్టలేదా?”