డ్రైవర్ తాలూకు మనిషి

విలేకరి ఉద్యోగంలో చేరిన మొదటి వారమే కొత్తమ్మాయి పేరు పేపర్లో అచ్చయింది.

'తాగిన మత్తులో డ్రైవర్.. బస్సు ఢీకొని మహిళ మృతి' అన్న వార్త కింద.

వాళ్లమ్మ ఆ పేపర్ పట్టుకుని వీధంతా తిరిగొచ్చింది. కొత్తమ్మాయికి కాళ్లు నేలమీద ఆనడం లేదు.

మర్నాడు ఆఫీసుకి ఒకాయన వచ్చాడు. మాసిన గడ్డం, నలిగిన చొక్కా.

"ఈ వార్త రాసింది మీరేనా అమ్మా?"

"నేనే. ఏం?"

"అతను తాగి ఉన్నాడని ఎవరు చెప్పారు?"

"పోలీసులు. ఫోన్ చేసి కనుక్కున్నాను."

"బస్సులో ఉన్నవాళ్లు ఏమన్నారు?"

బస్సులో ఉన్నవాళ్లను అడగాలని కొత్తమ్మాయికి తట్టనే లేదు.

న్యూస్ ఎడిటర్ ఆమెను పక్కకి పిలిచాడు.

"డ్రైవర్ తాలూకు మనిషై ఉంటాడు. ఇలాంటివాళ్లు వస్తూనే ఉంటారు. మంచినీళ్లిచ్చి పంపెయ్."

ఆమె మంచినీళ్లిచ్చింది. ఆయన తాగి, గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఒక్క పూట నాతో రండమ్మా. అతను మంచం మీదున్నాడు. అతని తరఫున మాట్లాడేవాళ్లు లేరు."

ఆ గొంతులో కోపం లేదు. అందుకే కాదనలేక బయల్దేరింది.

ఆయన తీసుకెళ్లిన మొదటి ఇంట్లో, నుదుటికి కట్టుతో ఒక టైలరమ్మ తలుపు తీసింది. బస్సులో ముందు సీట్లో కూర్చున్నది ఆవిడే.

"తాగాడా? ఎవరమ్మా ఆ మాటన్నది? 'బ్రేకు పడటం లేదు, గట్టిగా పట్టుకోండి' అని గొంతు చించుకుని అరిచాడు. ఎదురుగా బడి వదిలిన పిల్లలు. గోడవైపు తిప్పకపోతే ఎంతమంది పోయేవాళ్లో!"

డిపోలో మెకానిక్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"బ్రేకు సరిగా లేదని పొద్దున్నే మొత్తుకున్నాడు మేడమ్. ఈ ఒక్క ట్రిప్పు వేసి రమ్మన్నారు పైవాళ్లు."

కూలిన గోడ దగ్గరికి మాత్రం ఆయన రాలేదు.

"మీరు చూసి రండమ్మా. నేనిక్కడే ఉంటాను."

అలిసిపోయాడు పాపం అనుకుంది. టైర్ల గీతలు పిల్లలు నడిచే దారినుంచి పక్కకి తిరిగిన చోటు ఆమె కళ్లారా చూసింది.

"చనిపోయినావిడ ఇంటికీ వెళ్దామండీ. వాళ్ల మాట కూడా వినాలి కదా?"

"ఆ ఇంటికి తాళం వేసుందమ్మా" అన్నాడు ఆయన.

సాయంత్రం ఆమె రాసిచ్చిన వార్త చదివి న్యూస్ ఎడిటర్ తల పట్టుకున్నాడు.

"'నేను రాసింది తప్పు' అని మొదటి వాక్యమా? చేరిన వారానికే నీ పేరు పోతుందే అమ్మాయ్!"

"రాయకపోతే ఆ డ్రైవర్ పేరు పోతుంది సార్."

ఎడిటర్ ఆ వార్తని మొదటి పేజీకి పంపాడు.

అది అచ్చయిన రోజే పోలీసులు తాగుడు మాట వెనక్కి తీసుకున్నారు. డిపో పైవాళ్ల మీద విచారణ మొదలైంది.

కొత్తమ్మాయి పేపర్ తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. డ్రైవర్ రెండు కాళ్లకీ కట్లు. అతని భార్య వార్త చదివి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నాదేం లేదండీ, అంతా మీ తాలూకు పెద్దమనిషి పుణ్యం. ఆయన ఏరీ?" అంది కొత్తమ్మాయి.

"మా తాలూకు వాళ్లెవరూ రాలేదే!"

మాసిన గడ్డం, నలిగిన చొక్కా అని కొత్తమ్మాయి ఆనవాళ్లు చెప్పింది. అందరి పేర్లూ అడిగి రాసుకున్న తను, ఆయన పేరు మాత్రం అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"ఆయనా!" అంది డ్రైవర్ భార్య. "మొన్న ఇక్కడికొస్తే కొడతారేమోనని అడ్డం నిలబడ్డాను. ఏం జరిగిందో ఈయన నోటే విన్నారు. జారిన దుప్పటి సర్ది వెళ్లిపోయారు. నిన్న రాత్రి ఊరే వదిలేసి వెళ్లారట."

"ఇంతకీ ఎవరాయన?"

మంచం మీద డ్రైవర్ మొహం పక్కకి తిప్పుకుని చెప్పాడు.

"ఆ గోడ దగ్గర పోయినావిడ భర్తేనమ్మా."