నిండిన గ్యాలరీ

"ఇవాళ కూడా గ్యాలరీ ఖాళీగా ఉంటే నేను మానేస్తాను మాస్టారూ."

కెప్టెన్ ఉదయమే తేల్చేసింది. బూట్ల లేసులు కట్టుకోవడం ఆపి, ఆయన ముఖంలోకి సూటిగా చూస్తూ మరీ తేల్చేసింది.

"కుట్టుషాపావిడ రోజంతా రమ్మంటోంది. ఎవరూ చూడని ఆటకి ఇన్ని దెబ్బలు తినడం ఎందుకని అక్క కూడా ఒకటే గొడవ."

హ్యాండ్‌బాల్‌కి ఏడుగురు కావాలి. జట్టులో ఉన్నదే ఏడుగురు. ఈ పిల్ల మానేస్తే జట్టే ఉండదు.

ఊళ్లో ఆ ఆట పేరు విన్నవాళ్లు తక్కువ. బంతిని చేత్తో గోల్‌లోకి విసరాలని చెబితే, "ఏం, కాళ్లకేం రోగం?" అని అడిగినవాళ్లే ఎక్కువ. ఊరికి తెలిసింది ఫుట్‌బాల్ ఒక్కటే. అదీ రైలుపట్టాలకు అటువైపు జట్టుకీ ఇటువైపు జట్టుకీ జరిగే ఫుట్‌బాల్. ఆ మ్యాచ్ ఉన్న రోజు షాపులు మూసేస్తారు. అటు పిల్లని ఇటు ఇచ్చిన ఇళ్లలో మామా అల్లుళ్లు ముఖాలు చూసుకోరు.

అందుకే మాస్టారు ఫుట్‌బాల్ క్లబ్బు సెక్రటరీ గుమ్మం చుట్టూ కాళ్లరిగేలా తిరిగారు. కాలేజీ జట్టుతో తమ ఫైనల్‌ని పెద్ద మ్యాచ్‌కి ముందు, అదే గ్యాలరీ ఎదుట పెట్టుకోనివ్వమని బతిమాలారు.

"సరే కానివ్వండి. మావాళ్లు దిగే టైముకి మాత్రం ముగించెయ్యాలి," అన్నాడు సెక్రటరీ. "మీ పిల్లల గురించి మైకులో ఏమైనా చెప్పించమంటారా?"

"వద్దండీ. ఏమీ చెప్పించకండి. ఆట చూస్తే చాలు."

"చెప్పడానికి మాత్రం ఏముంది లెండి!" సెక్రటరీ పగలబడి నవ్వాడు.

ఆట మొదలయ్యేసరికే గ్యాలరీ సగం నిండింది. మంచి సీటు కోసం ముందే వచ్చినవాళ్లు. కెప్టెన్ తలెత్తి చూసింది. పక్కపిల్ల భుజం తట్టి చూపించింది. ఆ తర్వాత ఆమె కాళ్లు నేలమీద ఆగలేదు.

ఆడినంతసేపూ ఎవరూ పట్టించుకోలేదు. సీట్ల మీద తువ్వాళ్లు వేసుకోవడం, తీయించుకోవడం, తిట్టుకోవడం. ఆట ముగిసేసరికి స్కోరు సమానమైంది. ఫైనల్ కాబట్టి అదనపు సమయం ఆడించాలి.

మైకు గరగరలాడింది. "ప్రేక్షకులకు మనవి. చేతిబంతి ఆట ఇంకా తెమలనందువల్ల మన మ్యాచ్ కాస్త ఆలస్యమవుతుంది."

అంతే, గ్యాలరీకి నిప్పంటుకుంది.

"దిగండమ్మా, దిగండి!"

"ఇంటికెళ్లి అంట్లు తోముకోండే!"

"ఆ ముసలాయన్ని చూడరా, ట్రాఫిక్ పోలీసులా చేతులెలా ఊపుతున్నాడో!"

"మాస్టారూ, బస్సొస్తోంది, పక్కకి జరగండి!"

జనం విరగబడి నవ్వారు. పట్టాలకు అటువాళ్లూ ఇటువాళ్లూ ఒకే మాట మీదికి రావడం ఆ ఊళ్లో అదే మొదటిసారి.

ఎవడో నీళ్ల సీసా విసిరాడు. అది కెప్టెన్ కాళ్ల దగ్గర పడి దొర్లింది. ఆమె వంగి తీసుకుంది. మూత తిప్పి రెండు గుక్కలు తాగి, గ్యాలరీ వైపు చెయ్యెత్తి నవ్వింది.

"ఏం పొగరురా దానికి! వెక్కిరిస్తోంది చూడు!"

ఈసారి గ్యాలరీ అంతా లేచి నిలబడింది. ముందు వరసలో ఒకావిడ మాత్రం, రెండో సీసా ఎత్తిన పక్కవాడి చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

కాలేజీ పిల్లలు బెదిరిపోయారు. వాళ్ల గోల్‌కీపర్ చెవులు మూసుకుని ఏడుపు ఆపుకోలేకపోయింది. బంతి చేతికొస్తే జారవిడుస్తున్నారు. మాస్టారి పిల్లలు మాత్రం గ్యాలరీ కేసి ఒకసారి చూడడం, రెట్టించిన ఊపుతో పరిగెత్తడం. చివరికి కెప్టెన్ గాల్లోకి ఎగిరి విసిరిన బంతి, ఏడుస్తున్న గోల్‌కీపర్ భుజం మీదుగా వెళ్లి వలలో పడింది.

రిఫరీ ఈల వేసి, చేతిలోని జెండా ఊపాడు.

ఏడుగురూ ఒకరినొకరు వాటేసుకున్నారు. చేతులు పట్టుకుని వరసగా గ్యాలరీ ముందుకు పరిగెత్తారు. నడుం వంచి దండం పెట్టారు.

"పోండి! పోండి! పోండి!" గ్యాలరీ చప్పట్లతో తాళం వేసింది. ఆ తాళానికి పైకప్పు రేకులు అదిరిపోతున్నాయి. కాలేజీ కోచ్ తన పిల్లల్ని కోళ్లని తోలినట్టు గేటు వైపు తోలుకుపోయింది. మైకతను కూడా నవ్వు ఆపుకుంటూ, "దయచేసి మైదానం ఖాళీ చెయ్యండమ్మా, కాళ్లతో ఆడేవాళ్లు వస్తున్నారు," అన్నాడు.

మాస్టారు మైదానం అంచు గీత దగ్గరే నిలబడిపోయారు. కళ్లెత్తి గ్యాలరీని చూడలేకపోయారు.

కెప్టెన్ ఆయన దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. మిగతా ఆరుగురూ వెనకే వచ్చి చుట్టూ మూగారు. అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి.

"నేను మానను మాస్టారూ," అంది కెప్టెన్. "షాపుకి ఒక్క పూటే వస్తానని చెప్పేస్తాను. ఇంతమంది! మనకోసం లేచి నిలబడ్డారు! ఇంతకీ వాళ్లు ఏమంటున్నారు? అక్కకి చెప్పాలి."

"ఇంకాసేపు ఆడమంటున్నారమ్మా" అని మాస్టారు, పుట్టినప్పటినుంచీ ఒక్క శబ్దమైనా చెవిన పడని ఆ ఏడుగురికీ కనబడేలా, వేళ్లతో సైగ చేసి చెప్పారు.