శుక్రవారం వంతు

కాబోయే టీచర్లకు ఆ మధ్యాహ్నం ఇచ్చిన పని ఒక్కటే. పిల్లలు రాసిన చీటీకి జవాబు రాయాలి. పిల్లల గోడు వినడం నేర్పే క్లాసు అది.

ఒకతనికి బాత్‌రూమ్ గడియ గురించి ఫిర్యాదు వచ్చింది. ఇంకొకామెకు స్నేహితురాలి అలక. ఇద్దరూ నవ్వుకుంటూ పది నిమిషాల్లో రాసిచ్చేశారు. చివరి బెంచీ అమ్మాయికి మాత్రం మాస్టారు తన సంచిలోంచి ఒక జిరాక్స్ కాగితం తీసి ఇచ్చారు.

"సార్, నేను ఎనిమిదో తరగతి. నాకు నత్తి. పాఠం చదవడానికి లేస్తే అందరూ నవ్వుతారు. రేపు శుక్రవారం మళ్లీ నా వంతు. భయంగా ఉంది. మీరొకసారి నాతో మాట్లాడతారా?"

అమ్మాయి గోడ మీది క్యాలెండర్ వంక చూసింది. ఇవాళ గురువారం.

"ధైర్యంగా ఉండు" అని మొదలుపెట్టి అరపేజీ రాసింది. మాస్టారు ఎర్రపెన్నుతో అడ్డంగా కొట్టేశారు.

"ధైర్యం చెప్పడానికి మన సొమ్మేం పోయింది? మళ్లీ రాయి."

ఈసారి నత్తిని జయించిన గొప్పవాళ్ల గురించి రాసింది.

"ఉపన్యాసం ఇమ్మందా ఆ పిల్ల? ఏమడిగిందో చూడు."

ఇంత కరుకు మనిషి పిల్లల మనసుల గురించి పాఠం చెప్పడమేమిటి అనుకుంది అమ్మాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడోసారి రెండే ముక్కలు రాసింది: "మాట్లాడతాను. ఇప్పుడే వస్తున్నాను."

మాస్టారి పెన్ను కదల్లేదు. ఆ రెండు ముక్కలనే చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

ఆమెకు ఓపిక నశించింది. లేచి బ్యాగు భుజాన వేసుకుంది.

"ఏ బడో చెప్పండి మాస్టారూ. బడి వదలడానికి ఇంకా గంట టైముంది. మనమిక్కడ తప్పులు దిద్దుకుంటూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది!"

మాస్టారికి ఇంత మాట ఎదురుచెప్పినవాళ్లు లేరు.

ఆయన కోప్పడలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"కూర్చోమ్మా," అన్నారు. "ఆ పిల్ల ఇది నా చేతిలో పెట్టిన రోజున, సోమవారం మాట్లాడదాంలే అనుకుని జేబులో వేసుకున్నాను, తను మళ్లీ బడి గడప తొక్కక పంతొమ్మిదేళ్లయింది."