గోదాములో లేని సరుకు

"కుదరదు" అని కంప్యూటర్ మళ్లీ మొండికేసింది.

వాజిద్ కీబోర్డును బల్లమీదికి విసిరేశాడు. అరబ్బు దేశంలోని ఈ బురైదా ఖర్జూరాల కంపెనీలో పొద్దున్నుంచీ ఇదే పంచాయితీ. కోల్డ్ స్టోరేజీ ప్రోగ్రాముకు కొత్త వర్షన్ ఎక్కించాలి. దానికి కొత్త లైబ్రరీ, అంటే అది ఆధారపడే కోడు మూట, కావాలంట. దొరికేదేమో పాతదే. పోనీ పాతది పీకేద్దామంటే, దాన్ని పట్టుకుని బతికే ప్రోగ్రాములన్నీ మేమూ పోతామంటున్నాయి. వీటిని సర్దాల్సిన ప్యాకేజీ మేనేజర్ ప్రోగ్రామేమో చేతులెత్తేసి కూర్చుంది.

ఇది అయితేనే వాజిద్‌కు సెలవు. రాత్రికి విమానం, ఎల్లుండి రాయచోటిలో చెల్లెలు అఫ్షాన్ నికా. కంప్యూటర్లు చూసుకునేది అతనూ, సీనియర్ నయీమూ ఇద్దరే కాబట్టి ఒకరు ఊరికి పోతే ఇంకొకరు ఉండి తీరాల. ఈసారి వంతు వాజిద్‌ది.

"నయీమ్ భాయ్, ఈ ప్రోగ్రాముల ప్యాకేజీలన్నీ దాచిపెట్టే మన గోదాము సర్వర్ నుంచే కదా వచ్చేది. అందులో కొత్త లైబ్రరీ దింపినావా లేదా?"

నయీమ్ పాలు లేని సులేమానీ చాయ్ ఊదుకుంటూ అన్నాడు. "పొద్దున్నే దింపినా. నీ మిషన్లోనే ఏదో తిరకాసు ఉందిప్పా."

"పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉంది కదా. ఒకసారి తెరిచి చూపియ్."

"ఒకే కంచంలో తినేటోళ్లం. నన్నే నమ్మవా?"

వాజిద్ విసుగ్గా కీబోర్డును మళ్లీ ముందుకు లాక్కున్నాడు.

అంతలో ముదీర్, అదే వాళ్ల బాసు, వచ్చి అరబ్బీలో ఏదో అడిగాడు. వాజిద్‌కు అరబ్బీ అంతంతమాత్రం. నయీమ్ తెలుగులో చెప్పాడు.

"నీ చేతనవుతుందా, లేక అభా బ్రాంచి నుంచి పనొచ్చినోణ్ణి పిలిపించాల్నా అంటాండాడు."

వాజిద్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. "పనొచ్చినోణ్ణా? ఇది అయ్యేదాకా నేను కుర్చీలోనుంచి లేవనని చెప్పు. నికా లేదు, గికా లేదు, నేను ఊరికి పోనని చెప్పు."

"చెప్పమంటావా? కోపంలో అంటున్నావేమో."

"చెప్పు భాయ్. నాకేం భయమా?"

నయీమ్ ఎంతో వినయంగా చెప్పాడు. ముదీర్ వాజిద్ భుజం తట్టి మెచ్చుకుని వెళ్లిపోయాడు. నయీమ్ కూడా ఆయన వెనకాలే వెళ్లాడు.

సాయంత్రం అసర్ నమాజు దాటాక, ఎన్నోసారో ఏమో, తిట్టుకుంటూనే మళ్లీ నొక్కాడు వాజిద్. ఈసారి కొత్త లైబ్రరీ నోరు మెదపకుండా దిగింది. కొత్త ప్రోగ్రామూ ఎక్కింది, పాతవన్నీ బుద్ధిగా పనిచేస్తున్నాయి. మిషన్లో అతను ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఎట్లా కుదిరిందో ఆలోచించే ఓపిక లేక, సెలవు కాగితం తీసుకుని ముదీర్ గది వైపు పరుగెత్తాడు.

వరండాలో ఉండగానే ఫోన్ మోగింది. నయీమ్ పంపిన వాయిస్ మెసేజ్.

"వాజిద్, తప్పుగా అనుకోవద్దు. కొత్త లైబ్రరీ ఇందాకే గోదాము సర్వర్లో పెట్టినా, నీ పని అయిపోయింటాది. నువ్వు పోనన్నావని ఆ సెలవు ముదీర్ నాకిచ్చినాడు. రాత్రి విమానానికి ఎయిర్‌పోర్టుకు పోతా ఉండా. అఫ్షాన్ నికాకు నీ బదులు నేను పోతాలే."